సోమవారం వచ్చిన ఫోను

యలమందయ్య ఫోను వెనక మూత ఊడదీసి, బల్ల మీద బోర్లించి రెండు దెబ్బలు కొట్టాడు. ఎర్రటి పొడి రాలింది. మొహం పక్కకు తిప్పుకున్నాడు గాని అప్పటికే ఆలస్యమైంది. వరసగా మూడు తుమ్ములు వచ్చాయి, కళ్ళు మండాయి. భుజం మీది తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ పాత బ్రష్షు అందుకున్నాడు.

మిరపకోతలు మొదలైనప్పటి నుంచి ఎండాకాలం దాకా సత్తెనపల్లిలో ఫోన్లకు ఇదే జబ్బు. కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళ ఫోన్లలో ఎర్రపొడి ఉంటుంది. జిన్నింగు మిల్లులో పనిచేసేవాళ్ళ ఫోన్లలో దూది నూగు. తాపీపని వాళ్ళ ఫోన్లలో బూడిదరంగు పిండి. మూత తీస్తే చాలు, ఆ మనిషి ఏం చేసి బతుకుతున్నాడో యలమందయ్యకు తెలిసిపోతుంది. అంతకు మించి తెలుసుకోడు. తెర వెలగగానే ఫోను బోర్లిస్తాడు. స్పీకరు పరీక్షించాలంటే తన ఫోను నుంచి రింగు ఇస్తాడు. కెమెరా పరీక్షించాలంటే తన బొటనవేలినే ఫోటో తీసి, దాన్నే చెరిపేస్తాడు. తాళం తీయాలంటే మనిషి వచ్చి తీయాల్సిందే. తీసేటప్పుడు అతను బస్టాండు వైపు చూస్తూ ఉంటాడు.

ఇప్పుడు చేతిలో ఉన్నది మల్లేశ్వరి ఫోను. ఎనిమిది కిలోమీటర్ల అవతలి పల్లె నుంచి కల్లం పనికి వచ్చే మనిషి ఆమె. సోమవారం పొద్దున ఇచ్చి వెళ్ళింది. పట్టా మీద పెట్టిన ఫోను మీద ఎవరో బస్తా దించారట. తెర నల్లబడి చచ్చిపోయింది. ఆ మోడలు తెర సత్తెనపల్లిలో దొరకలేదు. బుధవారం, అంటే ఈ పొద్దున, గుంటూరు బస్సులో వచ్చింది. ఈ రెండు రోజులూ ఫోను అతని వెనక ఉన్న రేకు అరలో పడి ఉంది.

షాపు ఎనిమిదడుగుల గది. యలమందయ్యకు యాభై ఎనిమిది. కంటికి భూతద్దం బిగించీ బిగించీ కుడికన్ను ఎడమదాని కంటే చిన్నదైంది. టంకం వేసే కావియా కాల్చిన మచ్చలతో వేళ్ళ చివర్లు గట్టిపడి నున్నగా ఉన్నాయి. ఊళ్ళో పదో తరగతి తప్పి, రేడియోలు బాగుచేయడంతో మొదలుపెట్టాడు. రేడియోలు పోయి టేపురికార్డర్లు, అవి పోయి టీవీలు, అవీ పోయి ఫోన్లు వచ్చాయి. బల్ల మీది సరుకు మారింది గాని కూర్చున్న కుర్చీ మారలేదు.

"ఏందయ్యా యలమందా, పొద్దున్నే ఏడుస్తన్నావు?"

రెండు షాపుల అవతల గాజుల కొట్టు నడిపే నసీమున్నీసా వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"మిరపకాయ," అన్నాడు.

"మా ఆయన పోయినరోజు నాకు రాలేదు ఇన్ని నీళ్ళు." ఫోను బల్ల మీదికి తోసింది. "నిండిపోయిందంట. ఫోటో దిగుతుంటే చోటు లేదంటది."

"అక్కర్లేనివి తీసెయ్యండి."

"నువ్వే తియ్యి. అందులో ఏముంది చూడ్డానికి? మా ఆడబిడ్డ పంపే గులాబీపూలు. రోజుకు ఆరు."

"మీరే తియ్యండి. ఇక్కడ నొక్కి పట్టుకోండి."

"మహానుభావుడివయ్యా. పెళ్ళాం లేదు సరే, కళ్ళు కూడా లేవా?" ఆమె నవ్వుతూ పూలను చెరపసాగింది. "పక్కవీధి వాడి దగ్గరికి మా కోడలు పోతానంటే వద్దన్నా. వాడు ఫోటోలన్నీ తోడేసుకుంటాడంట. నీకిచ్చి ఇంటికి పోయి నిద్రపోవచ్చు."

ఆ మాట ఊరంతా అంటుంది. అది మంచితనం కాదని యలమందయ్యకు తెలుసు.

మూడేళ్ళ కిందట భార్య వెంకటరావమ్మ పోయింది. దినం అయిన మర్నాడు, ఎవరి నంబరు కోసమో ఆమె ఫోను తెరిచాడు. వేలు తగిలి ఒక మాట మోగింది. ఆమె తన అక్కకు రికార్డు చేసి పంపిన మాట. అలాంటివి పదకొండు ఉన్నాయి. పదకొండూ విన్నాడు. కడుపులో నొప్పి అని ఎనిమిది నెలలుగా అక్కకు చెబుతోంది. ఒకదాంట్లో అక్క అడిగినట్టుంది, మీ ఆయనకు చెప్పొచ్చుగా అని. వెంకటరావమ్మ నవ్వింది. "రేడియో అయితే చెవి మెలిపెడితే పలుకుతుంది అక్కా. ఈయనకు ఆ చెవి కూడా పెట్టలేదు దేవుడు." నవ్వు అయ్యాక దగ్గు. ఆ తర్వాత అతను ఎవరి ఫోనూ తెరిచి చూడలేదు. జనం దాన్ని నిజాయితీ అనుకున్నారు. అతను కాదనలేదు.

"ఇది చూశావా?" నసీమున్నీసా ఫోను అతని ముక్కు దగ్గర పెట్టింది. "మా మనవడు పంపాడు. మల్లేశ్వరి అని, కల్లం పనికి వస్తది చూడు, పొడుగ్గా. ఇన్‌స్టాలో ఎవడు పలకరిస్తే వాడికి జవాబులంట. ముద్దుల బొమ్మలంట. ఈ రోజు మూడింటికి వాళ్ళ ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుంటన్నారు. అయినా బుద్ధి లేదయ్యా, నిన్న రాత్రి కూడా బొమ్మ పెట్టింది. ఇదిగో, తొమ్మిదీ పదికి."

ఈసారి అతను చూశాడు. మల్లేశ్వరే. ఆకుపచ్చ చీర, తలలో మల్లెలు, వెనక పెళ్ళిపందిరి. భుజం మీద ఎవరిదో చెయ్యి సగానికి కోసేసి ఉంది. ఎవరో ఏ పెళ్ళి ఫోటోలోంచో మనిషిని కత్తిరించుకుని, ఆమె పేరుతో అకౌంటు తెరిచారు. ఐదు నిమిషాల పని. నిన్న రాత్రి తొమ్మిదీ పదికి మల్లేశ్వరి ఫోను ఈ గదిలో, ఆ రేకు అరలో, తెర చచ్చి, తాళం వేసిన తలుపు వెనక ఉంది.

"ఆమె కాదు," అన్నాడు.

"నీకెట్టా తెలుసు?"

యలమందయ్య భూతద్దం కంటికి బిగించుకున్నాడు. "ఊరికే అన్నా."

పదకొండు గంటలకు పానకాలు మోటారుసైకిలు ఆపి, దిగకుండానే పిలిచాడు. మల్లేశ్వరి మొగుడికి అన్న. మెడలో పచ్చ తువ్వాలు, నోట్లో వక్కపొడి.

"మా తమ్ముడి పెళ్ళాం ఫోను నీ దగ్గరుందంటగా."

"ఉంది. మధ్యాహ్నానికి అయిద్ది."

"ఆ ఇన్‌స్టా అందులో ఉందో లేదో చూసి చెప్పు. పెద్దమనుషులు అడగమన్నారు. మెకానిక్ చెప్తే తేలిపోయిద్ది."

"నేను ఫోన్లు చూడను."

"చూడకుండా బాగుచేస్తావా? కళ్ళకు గంతలు కట్టుకునా?"

"తెర, మైకు, చార్జింగు. అంతవరకే."

పానకాలు దిగి వచ్చి బల్ల మీద మోచేతులు ఆనించాడు. "మా అమ్మ మొదట్నుంచీ అంటానే ఉంది, దానికి ఫోనెందుకురా అని. ఇప్పుడు అదేం చెప్తందో తెలుసా? సోమవారం నుంచి ఫోను నీ దగ్గరే ఉందంట. ఉంటే మరి నిన్న రాత్రి బొమ్మ పెట్టిందెవరు? నువ్వా?"

పకపకా నవ్వి యలమందయ్య భుజం మీద చరిచాడు.

"ఫోను ఎక్కడుంటే ఏంది పానకాలూ? ఎవరైనా, ఏ ఫోన్లోనైనా ఆమె పేరుతో..."

"అయ్యన్నీ మాకు తెలవ్వు. ఫోను ఎవరి దగ్గరుంటే వాడే చేసినట్టు. ఊళ్ళో అందరికీ అంతే తెలుసు." నవ్వు ఆపాడు. "ఒంటిగాడివి. ఆడోళ్ళు వచ్చిపోయే షాపు. నీ మీదకి ఎందుకు తెచ్చుకుంటావన్నా?"

మోటారుసైకిలు వెళ్ళిపోయాక కూడా యలమందయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే ఉన్నాడు.

కొత్త తెర బిగించాడు. రిబ్బను తగిలించాడు. అంచుల వెంట జిగురు రాసి, రబ్బరు బ్యాండ్లు వేసి ఆరబెట్టాడు. స్టీలు గిన్నెలో తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాడు. తింటూ పెదాలు కదిలించాడు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి నాకిచ్చింది. తెర పోయింది. అప్పట్నుంచి నా దగ్గరే ఉంది. అంతే. మూడు ముక్కలు. నాలుగోది ఎవరో అంటారు: అయితే నువ్వే. ఆ మాట ఒకసారి పుడితే బస్టాండు దాకా రావడానికి గంట పట్టదు. ఏ ఆడమనిషీ ఈ మెట్టెక్కదు. ఏ మొగుడూ ఎక్కనివ్వడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ కుర్చీలో కూర్చుని సంపాదించుకున్నది ఆ పేరొక్కటే. గిన్నె కడిగి బోర్లించాడు.

మూడున్నరకు అతని ఫోను మోగింది.

"యలమందయ్యా, పానకాలు వాళ్ళ ఊరి నుంచి. పెద్దమనుషులం కూర్చున్నాం." పెద్దాయన గొంతు. తొందర లేదు. "స్పీకరు పెట్టా, అందరూ వింటన్నారు. ఈ అమ్మాయి ఫోను సోమవారం నుంచి నీ దగ్గరే ఉందంటంది. నిజమేనా?"

కుర్చీ జరిపిన చప్పుడు. ఎవరో దగ్గారు. దూరం నుంచి ఆడగొంతు వినిపించింది. "తొమ్మిదింటికి ఇచ్చాను బాబాయ్. మీరు టీ తాగతన్నారు. చెప్పండి బాబాయ్."

వెనక అరలో ఫోను లేదు. అది అతని ఎదురుగానే ఉంది, రబ్బరు బ్యాండ్లతో.

"నా దగ్గరకి రోజుకు పది పదిహేను ఫోన్లు వస్తాయండి," అన్నాడు యలమందయ్య. "ఏది ఏ రోజు వచ్చిందో గుర్తుండదు."

 అవతల ఎవరో నవ్వారు. "చెప్పలా నేను?" అన్నాడు పానకాలు. ఫోను పెట్టేశారు.

యలమందయ్య షాపుకు రోజుకు పదిహేను ఫోన్లు ఏనాడూ రాలేదు. మూడో, నాలుగో వస్తాయి.

ఆరింటికి మల్లేశ్వరి వచ్చింది. చేతిలో జిప్పు పోయిన సంచి ఉంది, నోటికి తాడు చుట్టి కట్టింది. పొడుగు మనిషి. అరచేతులు మిరపపండు రంగు పట్టి ఉన్నాయి. ఎడమ చెంప ఉబ్బింది. దాన్ని దాచుకోవాలన్న ధ్యాస కూడా ఉన్నట్టు లేదు.

"అయిందా బాబాయ్?"

ఫోను తుడిచి ఇచ్చాడు. ఆమె తాళం తీయబోతుంటే అలవాటు కొద్దీ బస్టాండు వైపు తిరిగాడు.

"అటు తిరగమాకండి. ఇప్పుడన్నా చూడండి."

చూశాడు. ఆమె వేలితో ఒక్కొక్కటీ జరిపింది. పదేళ్ళ పిల్ల జడలతో. అదే పిల్ల సైకిలు మీద. పిల్ల నోట్‌బుక్కులో లెక్కల పేజీ. ముగ్గు. మళ్ళీ పిల్ల, ఊడిన పన్ను చూపిస్తూ. ఇన్‌స్టా లేదు. అయిపోయేదాకా చూపించి తెర ఆర్పింది.

"సోమవారమేగా బాబాయ్, నేనిచ్చింది?"

"సోమవారమే."

"పొద్దున."

"తొమ్మిదింటికి."

ఆమె తలాడించింది. తన మతి సరిగానే ఉందని రూఢి చేసుకున్నట్టుంది ఆ ఆడించడం. "ఆ ముక్క చెప్తే సరిపోయేది."

"నా మీదకి వస్తదని..."

"వచ్చేదే. మీరు మగాళ్ళు బాబాయ్. రెండ్రోజులు నవ్వుకుని వదిలేసేవాళ్ళు."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది. ఆమె నోట్లు తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "డబ్బులొద్దులే అమ్మా."

"ఎందుకొద్దు? బాగుచేశారుగా." బల్ల మీద పెట్టింది.

"ఎక్కడికి?"

"వేటపాలెం. మా అక్క జీడిపప్పు పనికి పోతది. నన్నూ రమ్మంది."

"పాప?"

"వాళ్ళే ఉంచేసుకున్నారు."

గుంటూరు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు కేకలు మొదలుపెట్టాడు. ఆమె పర్సు మళ్ళీ సంచిలో దోపబోయి ఆగింది. లోపలి నుంచి నీలంరంగు తాడొకటి వేలికి చుట్టుకుని వచ్చింది. తాడు చివర ప్లాస్టిక్కు కార్డు.

"అయ్యో. దీని బడి కార్డు నాతో వచ్చేసింది." తాడును కార్డు చుట్టూ చుట్టింది, మళ్ళీ విప్పింది. "ఇది లేకపోతే గేటు దగ్గరే నిలబెడతారు దాన్ని. పొద్దున ఏడింటికి మా ఊరి ఆటో ఇక్కడే ఆగిద్ది. ఇచ్చి పంపుతారా?"

"పంపుతా."

"మర్చిపోమాకండి బాబాయ్."

అని, వెనక్కి చూడకుండా రోడ్డు దాటింది. సంచి ముందు తోసి తర్వాత తను ఎక్కింది. బస్సు మలుపు తిరిగేదాకా యలమందయ్య లేచి నిలబడే ఉన్నాడు. తర్వాత కూర్చున్నాడు. చీకటి పడుతోంది. లైటు వేశాడు.

కార్డు బల్ల మీద గాజు పైన ఉంది. ఐదో తరగతి, బి. పేరు శ్రీదివ్య. తల్లి పేరు మల్లేశ్వరి. కింద ఫోను నంబరు. ప్లాస్టిక్కు ఒక మూల తెల్లబడి నలిగి ఉంది, పిల్ల బడిలో కూర్చుని కొరికిన చోట, చిన్న చిన్న పళ్ళ గాట్లు.