బూడిదరంగు గుళిక

కడిగిన చేతుల్నే మళ్లీ మూడుసార్లు కడుక్కుంటానని ల్యాబ్‌లో అందరూ నన్ను ఆటపట్టించేవారు. ఇంట్లో పది నెలల పాప ఉంది. నా చేతినంటిన ఏ లోహపు మరక దాని నోట్లోకి పోతుందోనని నా భయం నాది. థాయ్‌లాండ్ దక్షిణాన హాట్‌యాయ్ ఊళ్లోని ఆ రసాయన పరిశోధనాలయంలో గాజు సామాను కడగడం నా పని. చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. సీసాల మీది ఇంగ్లీషు పేర్లు కూడబలుక్కుని చదవగలను, అంతే.

డాక్టర్ నరూమోన్ అక్కకి అక్కడ పంతొమ్మిదేళ్ల సర్వీసు. గాలి తగిలితే చచ్చిపోయే పదార్థాలు ఆవిడ చేతిలో బతికేవి. లోహాన్ని కర్బనంతో ముడివేసి, దాని సాయంతో మందుల ముడిసరుకు తయారుచేయడం ఆవిడ విద్య. అందరూ ఖరీదైన పల్లాడియం లోహంతో చేసే పనిని మామూలు ఇనుముతో చేయిస్తానని పంతం పట్టింది. నిరుడు చేయించి, పత్రికలో ప్రకటించింది కూడా. సరుకు తయారైతే నీలం దీపం కింద ఫ్లాస్కు మెరుస్తుంది.

కాకపోతే అది ఒక్క గుళికతోనే మెరిసేది. ద్రావణాన్ని గిరగిరా తిప్పడానికి ఫ్లాస్కులో వేసే అయస్కాంతపు గుళిక. పైపూత తెల్లగా ఉండాల్సింది, దానిది బూడిదరంగుకి తిరిగింది. పరిశోధక విద్యార్థులు దాన్ని అదృష్టం అనుకుని చిన్న డబ్బాలో పెట్టి, మల్లెదండ వేసి, మా దగ్గర దేవుడికి పెట్టినట్టే పక్కన ఎర్ర సోడా సీసా ఉంచేవారు.

ఒకరోజు అక్క సింకు దగ్గరికి వచ్చింది.

"వాన్‌పెన్, కొత్త గుళికలతో పదకొండుసార్లు చేశానే. ఒక్కసారీ రాలేదు. ఈ పాతదాన్ని దేంతో కడుగుతున్నావు నువ్వు?"

"అన్నిటితోనూ అక్కా. ఆమ్లంలో రెండ్రోజులు నానేసినా తెల్లబడదు. ఇలాంటివన్నీ పాప భయానికి విడిగా పెట్టుకుంటాను. ఇది మూడేళ్ల కిందట పల్లాడియం గదిలోంచి వచ్చింది. డబ్బా మూత మీద రాసుకున్నా చూడు."

అక్క గుళికని వెలుతురుకి ఎత్తి, దాని మీది సన్నటి గీతలు చూసింది. "అయితే పల్లాడియమే దీని గీతల్లో దూరి కూర్చుంది. పని చేసింది అది, పేరు ఇనుముది." తర్వాత పకపకా నవ్వింది. "ఇంత చదువూ చదివి, దీనికి దండేస్తుంటే చూస్తూ ఊరుకున్నాను చూడు!"

అక్క వెళ్లి చెబితే డైరెక్టర్ సథాపోన్ గారు మాత్రం నవ్వలేదు. ఇనుము పద్ధతి చూసి ఒప్పందం కుదుర్చుకోడానికి గురువారం బ్యాంకాక్ నుంచి మందుల కంపెనీవాళ్లు వస్తున్నారు.

"వాళ్లు వెళ్లాక చూద్దాం. ప్రయోగం నేనే చేసి చూపిస్తాను."

"నా పేరు మీద అబద్ధం చూపించనివ్వను సార్."

"చూపించేది నేను కదమ్మా, నీకెందుకు బాధ?"

బుధవారం సాయంత్రం ఆయనే నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "రేపు నా ఫ్లాస్కులో ఆ పాతదే వెయ్యి. ఎవరితోనూ అనకు. పిల్లతల్లివి, ఉద్యోగం జాగ్రత్త."

ఇంటికి వెళ్లి పాపకి అన్నం మెదుపుతూ నా వేళ్లకేసే చూసుకున్నాను. ఆ మరక నా బిడ్డ నోట్లో పడకూడదని వేళ్లు అరిగేలా తోముకునేదాన్ని, తెలిసి తెలిసి దాన్నే పరాయివాళ్ల కళ్లల్లో కొట్టాలా?

గురువారం ఫ్లాస్కు గంటన్నర తిరిగింది. దీపం వెలిగించారు. ఏమీ మెరవలేదు. డైరెక్టర్ గారు గిర్రున నా వైపు తిరిగారు.

"నే చెప్పిన గుళికే వేశావా?"

కంపెనీ పెద్దావిడ తలెత్తింది. "ఏ గుళికండీ?"

నేను ముందుకొచ్చాను.

"లేదండీ, కొత్తది వేశాను. మీరు చెప్పింది ఇదిగో." జేబులోంచి డబ్బా తీశాను.

"చదువూ సంధ్యా లేని మనిషి! దీనికేం తెలుసు?" అన్నారు డైరెక్టర్ గారు.

"కడగడం తెలుసండీ. ఇది కడిగితే పోయేది కాదు."

నరూమోన్ అక్క పొద్దున్నే ఇంకో ఫ్లాస్కు సిద్ధం చేసుకుని ఉంచింది. దినుసులన్నీ అవే, ఇనుము ఒక్కటే లేదు. వేద్దామంటే గుళిక కనబడక అప్పటిదాకా వెతుకుతోందట. నా చేతిలోంచి తీసుకుని అందరి ఎదుటా అందులో వేసింది. "ఇంకో గంటన్నర కూర్చోండి. భోజనం పక్క గదిలోకి తెప్పిస్తాను."

ఖావ్ యామ్ అన్నం పొట్లాలు విప్పుకుని కూర్చున్నాం. డైరెక్టర్ గారు తినలేదు. తిరిగొచ్చి దీపం పెడితే ఫ్లాస్కు మెరిసింది, రవ్వంత ఇనుము లేకుండా.

"నిరుడు నేను ప్రకటించింది తప్పు," అంది అక్క. "నా పేరుతోనే రాసి వెనక్కి తీసుకుంటాను. ఎవరు సంతకం పెట్టినా సరే, పెట్టకపోయినా సరే."

కంపెనీవాళ్లు ఒప్పందం మాటెత్తకుండా వెళ్లిపోయారు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నారు డైరెక్టర్ గారు నాతో.

"వస్తుంది," అంది అక్క. "ఎందుకు తీసేస్తున్నారో కాగితం మీద రాసివ్వండి. నిజమే రాయాలి మరి."

ఆయన రాయలేదు.

మర్నాడు ఏడింటికల్లా వెళ్లాను. మల్లెదండ చెత్తబుట్టలో ఉంది. బల్ల మీద కొత్త గుళికల పెట్టె విప్పి ఉంది. అక్క నోటుబుక్కులో మొదటి పేజీ తెరిచి కూర్చుంది.

"ఉత్త ఇనుముతో ఎన్నాళ్లు పడుతుందక్కా?"

"ఇంకో పంతొమ్మిదేళ్లు పట్టనీ, ఎవడొద్దన్నాడు? ఇదిగో, ఆ ఎర్ర సోడా బయటికి పట్టుకెళ్లి తాగెయ్. దానికిక్కడ ఇంక పని లేదు."