ఆలస్యంగా తిప్పు

“నేను పాసయితే ఎట్లా?”

డ్రైవింగ్ పరీక్షకు పోవడానికి కారెక్కుతూ పైకే అనేశాను. ఇమామ్ అద్దంలో నన్ను చూసి నవ్వాడు. మేము మొగుడూ పెళ్ళాలమే గానీ, ఈ అరబ్బుల దేశంలో, అబూ హమూర్‌లో మేడం ఇంట్లో ఆయన డ్రైవరు, నేను వంటమనిషిని. కారులో ఇద్దరమే ఉన్నా నేను వెనక సీట్లోనే కూర్చోవాలి. పనిమనిషి ముందు సీట్లో కూర్చుంటే బాగుండదని ఆయనే చెప్పాడు. ఇక్కడికొచ్చాక నేను చూసిన మొగుడి ముఖం ఆ చిన్న అద్దంలో పట్టేంతే.

“పాసయ్యేదానికి నువ్వేమన్నా పైలట్టువా? చెప్పినట్టు చెయ్ మే. పారలల్ పార్కింగులో యెనక్కొచ్చేటప్పుడు రవ్వంత ఆలస్యంగా తిప్పు, ఆడ పాతిన కడ్డీకి అదే తగుల్తాది. ఆడోళ్ళంతా ఫెయిలయ్యేది ఆడనే. ఎవురికీ అనుమానం రాదు.”

మేడం కూతుళ్ళు కాలేజీకి వచ్చారు. వాళ్ళను తిప్పడానికి ఆడమనిషే కావాలంది. నాకు లైసెన్సు వస్తే వంటా నాదే, బండీ నాదే, ఇమామ్ ప్రొద్దుటూరు పోవాల్సిందే. రాకపోతే ఇప్పుడున్నట్టే ఉండొచ్చంది. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఆయన పోతే, ఇక్కడ నాకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు? పనిలేక ఇంట్లో కూర్చున్న మనిషి ఆ కోపం మా బిడ్డ శిఫా మీద చూపించి చదువు మాన్పిస్తే? బిడ్డను వాళ్ళ నానమ్మ దగ్గర వదిలి వచ్చినప్పటి నుంచి నా మనసు ముందు చెడ్డవైపే పరిగెత్తుతుంది. బండి వెనక్కి తీసేటప్పుడూ అంతే. వెనక ఎవరి బిడ్డో ఆడుకుంటోందేమోనని అన్ని అద్దాలూ చూసి, మెడ తిప్పి, మళ్ళీ చూస్తాను. కడ్డీలు తప్ప ఎవరూ లేరని నేర్పించే శ్రీలంక టీచరు నవ్వేది. కానీ ఆ భయం వల్లే బండి గీతల మధ్య సరిగ్గా వచ్చి నిలబడేది. ఆ సంగతి ఇమామ్‌కు చెప్పలేదు. క్లాసు నుంచి రాగానే సింకు నిండా గిన్నెలు, తరగాల్సిన కూరలు. ఆయనేమో కారు నీడలో పెట్టి పడుకునేవాడు.

తగ్గి ఉండడం నాకు కొత్త కాదు. నేను టెన్త్ పాసయ్యాను. పెళ్ళిచూపుల్లో మాత్రం ఐదో తరగతనే చెప్పించారు, ఆయన ఆరులో ఆగిపోయాడని. “సదువు లేకున్నా బుద్ధిమంతురాలు” అని మా అత్త హుస్సేన్‌బీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నేను టీ గ్లాసులు అందిస్తూ వినేదాన్ని.

పరీక్షలో పోలీసు దుస్తుల్లో ఉన్న ఆవిడ నా పక్కన కూర్చుని, యల్లా, ఇక కానీయమంది. వెనక్కి వస్తుంటే పక్కకిటికీలో కడ్డీ కనబడింది. తిప్పాల్సింది అప్పుడే. ఒక్క క్షణం ఊరుకుంటే చాలు, ఆయన డ్యూటీ నిలబడుతుంది. మొన్న శిఫా ఫోనులో గుసగుసగా చెప్పిన మాట గుర్తొచ్చింది. లెక్కల్లో దానికే ఎక్కువ మార్కులంట. చిన్నాయన కొడుకు తల్హా ఫెయిలయ్యాడంట. ఇంట్లో ఎవరి దగ్గరా ఆ మాటెత్తొద్దని నానమ్మ చెప్పిందంట. “ఎందుకమ్మా?” అని అడిగింది. అన్నం తిన్నావా అని మాట మార్చాను. కడ్డీ ఇంకా కిటికీలోనే ఉంది.

బయటికొచ్చి వెనక సీట్లో కూర్చున్నాను.

“తగిలిందా?” అన్నాడు ఇమామ్.

నేను తల వంచుకుని సీటుబెల్టు పెట్టుకుంటున్నాను. ఫెయిలయ్యానని ఏడుపు ఆపుకుంటున్నానని అనుకున్నాడు. తానే చెప్పిన పనికి నన్ను ఓదార్చడం మొదలుపెట్టాడు. ఆడదానికి బండెందుకులే అన్నాడు. దారిలో ఆగి కరక్ చాయ్ తెచ్చి, చల్లారకముందే తాగమన్నాడు. ఎన్నాళ్ళకో అంత ప్రేమగా మాట్లాడాడు. ఇన్నాళ్ళూ ఆ గొంతు కోసమే ఎదురుచూశాను, అది వినాలంటే నేను ఓడిపోవాలి. మెసైమీర్ దగ్గర సిగ్నళ్ళు దాటాం. ఆయన కూనిరాగం తీస్తున్నాడు. నేను కప్పు పట్టుకుని కూర్చున్నాను, తాగలేదు.

ఇంటి గేటు ముందు బండి ఆపాడు.

“తగల్లేదు,” అన్నాను. “నేనే తగలనీలేదు.”