ఏడో నంబరు ఇంటి గోడ

మా కాలనీలో ముప్పై ఇళ్ళు. ఒక్కటీ కంట్రాక్టరు కట్టింది కాదు. మోంటెవిడియో ఊరి తూర్పు కొసన, పాత తోళ్ళ కార్ఖానా పడగొట్టిన జాగాలో ముప్పై కుటుంబాలం కలిసి మా చేతుల్తోనే కట్టుకున్నాం. ఒక్కో కుటుంబానికి వారానికి ఇరవయ్యొక్క గంటల పని. ఎవరికి ఏ ఇల్లు వస్తుందో అప్పుడే తెలీదు. అన్నీ పూర్తయ్యాకే చీటీలు. అలాగైతేనే ప్రతివాళ్ళూ ప్రతి గోడనీ తమ గోడే అనుకుని కడతారని పెట్టుకున్న నియమం.

నా పేరు జూల్మా. అప్పటికి నా కూతురు ఐలెన్‌ని వెంటేసుకుని పదకొండు అద్దె ఇళ్ళు మారాను. ఇకనైనా ఒకచోట కుదురుగా ఉందామని ఇందులో చేరాను.

పని మొదలైన రెండో ఏడాది జూలై, మా దేశంలో నడి చలికాలం. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఒక గురువారం ఏడో నంబరు ఇంట్లో స్నానాలగది గోడలో వాడిన నీళ్ళు పోయే పైపు బిగిస్తున్నాను. చివరి మలుపు దగ్గర గమ్ము డబ్బా అయిపోయింది. స్టోరుకి వెళ్ళి తెచ్చుకుందామని లేచేసరికి స్కూలు నుంచి ఫోను, ఐలెన్‌కి జ్వరం కాలిపోతోందని. రేపొచ్చి అతికిద్దాంలే అనుకుని, గమ్ము లేకుండానే ఎల్బోని, ఆ వంపు ముక్కని, పైపులోకి తోసేసి పరిగెత్తాను. నాలుగు రోజులు పిల్ల మంచం దిగలేదు. నేను తిరిగొచ్చేసరికి గోడ పూడ్చేసి, టైల్స్ కూడా అంటించేశారు.

చెప్పాల్సింది. మా మేస్త్రి ఎల్బియో మంచివాడే కానీ నోరు చెడ్డది. "ఈ గోడ ఎవరు కట్టారమ్మా? తాగి కట్టారా, కట్టాక తాగారా?" అని అందరి ముందూ కడిగేసేవాడు. రెండుసార్లు చెబుదామని అతని దగ్గరికెళ్ళాను. రెండుసార్లూ ఇసుక ఎప్పుడొస్తుందని అడిగి వచ్చేశాను.

మరుసటి ఏడాది నవంబరులో, ఒక ఆదివారం మధ్యాహ్నం, చీటీలు తీశారు. అందరం కలిసే పెద్ద హాల్లో ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. నాకు పంతొమ్మిది వచ్చింది. ఐలెన్ నా నడుం పట్టుకుని ఊగిపోయింది. తరవాత నీబియా చీటీల్లో చెయ్యి పెట్టింది. నాతోపాటు మూడేళ్ళు ఇటుకలు మోసిన మనిషి. ఆమె మాతే ఆకుతో టీ కలిపితే ఒకే గిన్నెలోంచి మార్చిమార్చి తాగేవాళ్ళం. చంకలో రెండు నెలల పసిపిల్ల. చీటీ విప్పి, "ఏడు!" అని కేక పెట్టింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం కదల్లేదు. బయట నిప్పుల మీద మాంసం కాలుతోంది, ఎవరో పాట పెట్టారు. నీబియా నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది. నాకు కళ్ళు తిరిగింది పాటకి కాదు.

ఇళ్ళలోకి దిగాం. నాకు మాత్రం కాలు నిలవదు. రోజుకి రెండుసార్లు ఏదో వంకతో నీబియా ఇంటికి పోవడం, స్నానాలగదికి అవతలివైపు గోడ తడిమి చూడడం. ఆ గోడకే ఆనించి పసిదాని ఉయ్యాలమంచం వేశారు.

"ఏంటే, మా గోడకేమన్నా జ్వరమా? నాడి చూస్తున్నావు," అని నవ్వింది నీబియా.

"సున్నం ఆరిందా లేదా అని."

"ఆరకపోతే నీ ఇంట్లో పడుకుంటాంలే. నీ గురక భరించగలిగితే."

డిసెంబరంతా గోడ పొడిగానే ఉంది. జనవరి చివర్లో ఒక పొద్దున వేలికి చల్లగా తగిలింది. వాసన చూశాను. మట్టి వాసన. అదే పొద్దున నీబియా, "పిల్ల రెండు రోజుల్నుంచి దగ్గుతోందే," అంది.

ఇక ఆగలేకపోయాను. నిలబడే చెప్పేశాను. గమ్ము, ఫోను, ఇసుక, అన్నీ. ముందు తమాషా చేస్తున్నాననుకుంది. తరవాత లేచి, ఉయ్యాలమంచాన్ని నేల మీద ఈడ్చుకుంటూ గది మధ్యకి తెచ్చింది.

"ఏడు నీకే వచ్చుంటే ఏం చేసేదానివి?" అని అడిగింది.

నా చూపు తడి గోడ మీదికి పోయింది.

"అదే సాయంత్రం పగలగొట్టేదానివి. అవునా, కాదా?"

"అవును."

"అయితే ఇంక వెళ్ళు."

ఎల్బియోకి నేనే చెప్పాను. మధ్యాహ్నానికల్లా సుత్తి తెచ్చి గోడ పగలగొట్టాడు. లోపల ఇటుకలు నల్లగా నాని ఉన్నాయి, ఎల్బో అంచున చుక్కలు కారుతున్నాయి. అదంతా చూసి కూడా ఒక్క తిట్టూ తిట్టలేదు. తిడితేనే బాగుండేది.

ఆ శుక్రవారం సమావేశంలో లేచి అందరి ముందూ చెప్పాను. గోడ మళ్ళీ కట్టేది నేనే అన్నాను. ఆరేదాకా నీబియా కుటుంబం నా ఇంట్లో ఉండొచ్చు, నేనూ ఐలెన్ ఈ హాల్లో పడుకుంటాం అన్నాను. అప్పుడు వెనక వరసలోంచి బస్సు డ్రైవరు రుబేన్ గొంతు సవరించుకున్నాడు.

"పద్నాలుగో ఇంట్లో వంటగది కిటికీ పైన, కాంక్రీటు లింటెల్‌లో... రెండు ఊచలు పడాల్సిన చోట ఒకటే వేశాను. ఆ రోజు మ్యాచ్ ఉంది."

"ఓరి నీ దుంప తెగ! పద్నాలుగు నాది!" అని లేచాడు ఒక పెద్దాయన.

తరవాత ఇంకో చెయ్యి లేచింది. ఇంకోటి. ఎవరో చలి ఆపే ఇన్సులేషన్ షీటు బదులు అట్టముక్కలు కుక్కారట. ఎవరో డ్రైనేజి పైపుకి వాలు తప్పు పెట్టి సిమెంటు పోసేశారట. ఎల్బియో తల పట్టుకుని, "నేను కట్టించింది ఇళ్ళా, పాపాల పుట్టలా?" అన్నాడు. అప్పుడే హాల్లో మొదటి నవ్వు వినిపించింది. నీబియా నవ్వలేదు.

మొత్తం తొమ్మిది బయటపడ్డాయి. చలికాలం వచ్చేలోపు అన్నీ సరిచేశాం. ఏడో నంబరు గోడ నా చేత్తోనే కట్టాను, పైపు రెండుసార్లు అతికించి, ఒక రోజంతా నీళ్ళు వదిలి చూసి. నీబియా వాళ్ళు నా ఇంట్లో పన్నెండు రోజులున్నారు. వెళ్ళేటప్పుడు గచ్చు తుడిచి, తాళంచెవి ఐలెన్ చేతికిచ్చి వెళ్ళారు. నాతో ఒక్క మాట లేదు.

నా పంతొమ్మిదో నంబరు గురించి మాత్రం ఆ రోజూ, ఆ తరవాతా ఎవరూ నోరు విప్పలేదు. తప్పు లేకనో, చెప్పలేకనో తెలీదు. ఇప్పటికీ వాన గట్టిగా పడితే నాకు నిద్ర పట్టదు. లేచి ఒక్కో గదీ తిరిగొస్తాను. ఐలెన్ విసుక్కుంటుంది, "అమ్మా, పడుకో, ఇల్లెక్కడికీ పోదు."

ఆగస్టులో ఒక పొద్దున తలుపు చప్పుడైంది. నీబియా. భుజాన సంచీ, చంకలో పిల్ల.

"మా అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మధ్యాహ్నానికి వచ్చేస్తాను. పదకొండింటికి గుమ్మడికాయ ఉడకబెట్టి పెట్టు. ఉప్పెయ్యకు."

పిల్లని నా చేతుల్లో పెట్టి, సమాధానం కోసం ఆగకుండా బస్‌స్టాపు వైపు వెళ్ళిపోయింది. పిల్ల బరువెక్కింది. నా ముక్కు పట్టుకుని గట్టిగా గుంజింది.