వార్నిష్ కింది రంగు

చిన్నకోడలు అసలు చిత్రాన్ని అమ్ముకుని, దాని స్థానంలో నకిలీని వేలాడదీసిందనే మాటను ఆ అపార్ట్‌మెంట్‌లో నమ్మనివారు లేరు. లిఫ్టులో నాతోపాటు ఎక్కిన ఒకావిడ, నేను నొక్కిన అంకె చూసి, "బొమ్మ సంగతేనా? పెద్దాయన ఉండుంటే ఎంత బాధపడేవారో" అని నిట్టూర్చింది. నేనెవరో ఆవిడకు తెలియదు. బొమ్మ సంగతి మాత్రం తెలుసు.

ముప్పై ఏళ్లు మ్యూజియం ప్రయోగశాలలో రంగులను పరీక్షించి రిటైరయ్యాను. ఇప్పుడు బీమా కంపెనీవారు పిలిస్తే వెళ్లి, పాడైన చిత్రాలకు విలువ కడుతున్నాను. ఈ వదంతిని నేను వెంటనే కొట్టిపారేయలేదని ముందే ఒప్పుకోవాలి. దాని వెనుక తర్కం ఉంది. పై ఫ్లాటులో వాషింగ్ మెషీన్ గొట్టం ఊడి, నీళ్లు గోడ వెంట దిగి, హాల్లోని చిత్రాన్ని తడిపాయి. రంగులు కారిపోయాయి. పాలసీలో "తైలవర్ణ చిత్రం" అని ఉంది. ఆరిన నూనెరంగు నీళ్లకు కారదు. కాబట్టి కారినది అసలుది కాదు. నాలుగేళ్ల కిందట ఫ్రేమ్ మార్పించడానికి దాన్ని బయటికి తీసుకెళ్లింది చిన్నకోడలు ఒక్కతే. రెండు వారాలు అది దుకాణంలోనే ఉంది.

చిత్రాన్ని భోజనాల బల్లమీద పాత దుప్పటి పరచి పడుకోబెట్టారు. వానలో రైలు వంతెన, దాని కింద నది. కుడివైపంతా చారలు కట్టి చెడిపోయింది. ఎడమవైపు కింది భాగం మిగిలింది.

"నకిలీ అని ఒక్క ముక్క రాసిచ్చెయ్యండి సార్. మిగతాది మేం చూసుకుంటాం," అన్నాడు పెద్దకొడుకు.

"మిగతాది అంటే?"

"పోలీసులు."

పక్కన కూర్చున్న అతని అక్కగారు అందుకుంది: "ఫ్రేమ్ మార్పించుకొస్తానని వెళ్లి బొమ్మనే మార్చుకొచ్చింది మహాతల్లి!"

చిన్నకోడలు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమె భర్త ఆఫీసులో పని ఉందని వెళ్లాడట. వెళ్లాడో, తప్పుకున్నాడో నాకు తెలియదు.

"మామయ్యగారు మంచాన పడితే మూడేళ్లు చూసుకున్నాను వదినా. అప్పుడు నా చేతులు మంచివేగా?"

"చేతులు మంచివే. చేతివాటమే కాస్త ఎక్కువైంది."

నేను ఫ్రేమ్ విప్పాను. దాని చాటున తడవకుండా ఉండిపోయిన అంచుమీద, నీళ్లలో ముంచిన దూదిని ఒక్కసారి దొర్లించాను. దూది నీలంగా మారింది.

"చూశావా తమ్ముడూ, నీళ్ల రంగు!" అక్కగారు చప్పట్లు కొట్టినంత పని చేసింది. "మా నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆయిల్ పెయింటింగ్ అని చూపించేవారండీ."

"ఆయనకెవరు చెప్పారమ్మా?"

"ఒకరు చెప్పాలా? మెరిసేది కదండీ!"

మెరిసేది వార్నిష్. నేను దూది దొర్లించిన అంచుదాకా అది అందలేదు. కొందరు చిత్రకారులు అట్టమీద నీటిరంగులతో వేసి, పైన వార్నిష్ పూసి, అద్దం లేకుండా ఫ్రేమ్ కట్టేవారు. ఇక్కడ నీళ్లు ముందునుంచి రాలేదు. వెనుకనుంచి అట్టలోకి ఇంకాయి. పైన వార్నిష్ చర్మంలా నిలిచే ఉంది, దాని కింద రంగు కదిలిపోయింది. అయితే ఇంతమాత్రాన చిన్నకోడలు బయటపడదు. నకిలీని కూడా అలాగే వేయవచ్చు.

ఆ మాటే పైకి అన్నాను. ఆమె రెండడుగులు ముందుకొచ్చింది. "డబ్బు ఎంతొచ్చినా, రాకపోయినా మీరూ వాళ్లూ తేల్చుకోండి సార్. నేను తియ్యలేదని మాత్రం రాయండి."

"మీ గురించి రాయడం నా పని కాదమ్మా. బొమ్మ గురించే రాస్తాను," అని, "ఫ్రేమ్ మార్చకముందు తీసిన ఫోటో ఏదైనా ఉందా?" అని అడిగాను.

అక్కగారే ఉత్సాహంగా లోపలికెళ్లి ఆల్బమ్ తెచ్చింది. "పంతొమ్మిదేళ్ల నాటిది. నాన్న రిటైరైన రోజు. ఇది ఎక్కడ, అది ఎక్కడ!"

ఫోటోలో పెద్దాయన ఫ్రేమ్‌మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆయన మోచేతి కింద నది స్పష్టంగా కనిపిస్తోంది. ఆరీ ఆరని రంగుమీద నీటిబొట్టు పడితే, అది రంగును పక్కకు నెట్టి, క్యాబేజీ ఆకు అంచులా నొక్కులు నొక్కులుగా మరక కడుతుంది. ఆ మరక ఆకారాన్ని నిర్ణయించేది కుంచె కాదు. ఆ క్షణపు తడి. వేసినవాడే మళ్లీ కూర్చున్నా అలాంటిది రెండోసారి రప్పించలేడు. చెడిపోని నది భాగంలో అటువంటివి పదకొండున్నాయి. భూతద్దంతో ఫోటోలో తొమ్మిది దొరికాయి. మిగిలిన రెండింటిమీద ఫ్లాష్ వెలుగు పడింది. ఆ తొమ్మిదింటి మధ్య దూరాలను కొలిచి, నిష్పత్తులు చూశాను. ప్రతి నొక్కునూ ఫోటోలోనూ చిత్రంలోనూ పోల్చాను. గంటన్నర పట్టింది. ఎక్కడా తేడా లేదు.

ఆ మాట చెప్పగానే పెద్దకొడుకు, "మరి పాలసీలో రాసిన మొత్తం?" అన్నాడు.

"ఈ చిత్రకారుడి నీటిరంగులకు నూనెరంగుల ధరలో మూడోవంతే పలుకుతుంది. అంతే రాస్తాను."

"నకిలీ అయితే?"

"ఏమీ వచ్చేది కాదు."

అక్కగారు భూతద్దం అడిగి తీసుకుంది. ఫోటో మీదా, నది మీదా చాలాసేపు మార్చి మార్చి చూసింది. తరువాత పక్క కుర్చీలోని తన సంచి తీసి కింద పెట్టి, తలెత్తకుండానే, "ఎంతసేపని నిలబడతావ్? కూర్చో," అంది.

"నాకు పనుంది వదినా," అని చిన్నకోడలు లోపలికి వెళ్లిపోయింది.

నేను అక్కడే నివేదిక పూర్తిచేశాను. పంతొమ్మిదేళ్ల కిందట ఫోటోలో పడినదీ, నాలుగేళ్ల కిందట ఫ్రేమ్ మారినదీ, ఇప్పుడు తడిసినదీ ఒకే చిత్రం; అందులో నూనెరంగు ఏనాడూ లేదు.