సామెతకో మనిషి కావాలి

అది కాదమ్మడూ, మొదటినుంచీ రాసుకో. మీ నాయనమ్మ ఆస్పత్రికి వెళ్ళింది జ్వరమొచ్చి కాదు, చొక్కా చేతుల వల్ల.

యూనిఫారాల దుకాణంలో ముప్పై ఏళ్ళుగా కత్తెర ఆవిడదే. ఎనిమిది పొరల గుడ్డ ఒక్క కోతకి తెగాలి. అలాంటిది నెలలో రెండుసార్లు కట్టకట్టంతా ఎడమ చేతులే కోసి పెట్టింది. కుడి చెయ్యి మచ్చుకైనా లేదు. మతిమరుపు కాదని డాక్టరు కాగితం తెచ్చేదాకా కత్తెర ముట్టుకోవద్దన్నాడు యజమాని. ఆ రోజు నుంచి ఆవిడకి ముద్ద దిగలేదు. స్టవ్ ఆపానా లేదా అని మూడుసార్లు చూసుకునేది. అన్నిసార్లు చూసుకున్నందుకు మళ్ళీ భయపడేది.

మీ అత్త తోడు వెళ్ళింది. డాక్టరమ్మ చిన్నపిల్ల. తారీఖు అడిగితే మీ నాయనమ్మ ఠక్కున చెప్పింది. వందలోంచి ఏడేసి తీసెయ్యమంది. గజాలు లెక్కపెట్టే మనిషికి అదో లెక్కా? అప్పుడు కాగితంలోంచి ఓ సామెత, 'తోచీ తోచనమ్మ తోటికోడలు పుట్టింటికెళ్ళిందట' అని చదివి, దీనికర్థం చెప్పమంది.

ఆ సామెత రోజూ ఆవిడ నోట్లో నానేదే. కానీ ఎప్పుడూ ఎవరో ఒకరి మీద వేసేది తప్ప, అర్థమని విడిగా చెప్పి ఎరగదు. డాక్టరమ్మ పెన్ను ఆగింది.

"తెలీదా అమ్మా?"

"తెలీకేం. పక్కన మనిషి లేకుండా ఎలా చెప్పను?"

ఆవిడకి పని నేర్పిన మేస్త్రీ చెప్పేవాడట, సామ్యమన్న మాటే నలుగురి నోళ్ళలో పడి అరిగి సామెతయిందని, సామ్యమంటే పోలికని.

"పోలికంటే రెండుండాలి కదమ్మా. ఒకటి మీ కాగితంలో ఉంది. రెండోదేది?"

డాక్టరమ్మ నవ్వి, ఈ గదిలోనే ఎవరినైనా చూపించమంది. మీ నాయనమ్మకి ప్రాణం లేచొచ్చి తలుపు వైపు చెయ్యి చూపింది.

"అదిగో, ఆ నర్సమ్మ. వచ్చిన దగ్గర్నుంచీ సంచీ తెరవడం, మూయడం. ఆవిడకి అతికినట్టు సరిపోతుంది."

తలుపు దగ్గరున్నది మీ అత్త. సంచీ చంకన పెట్టుకుని చరచరా బయటికెళ్ళిపోయింది.

ఆ నడక చూశాక గానీ మీ నాయనమ్మకి తెలియలేదు. కన్నకూతుర్నే పోల్చుకోలేదు, ఇక కత్తెర పోయినట్టే అనుకుంది. డాక్టరమ్మ మాత్రం కాగితం పక్కన పెట్టి, కిటికీ దగ్గర నిలబడి, ఎన్ని వేళ్ళో చెప్పమంది. వేళ్ళు కనిపిస్తే కదా. రెండు కళ్ళలోనూ శుక్లాలట. గుడ్డకి పైవైపేదో, లోపలివైపేదో కనబడక పొరలన్నీ ఒకేవైపు పరిచి కోసింది, అందుకే అన్నీ ఎడమ చేతులే. మతి భేషుగ్గా ఉందని డాక్టరమ్మ రాసిచ్చింది.

యజమాని ఆ కాగితం రెండుసార్లు చదివి, ముందు చూపు రానీ అన్నాడు. సోమవారం మొదటి కంటికి ఆపరేషన్. చూపు సరిగ్గా రాకపోతేనో అని ఇప్పటినుంచే నిద్ర మానేసింది మీ నాయనమ్మ. మీ అత్తేమో ఊరెళ్ళి, అమ్మ నన్ను మర్చిపోయింది, మీరంతా దాస్తున్నారు అని ఫోన్లో ఒకటే ఏడుపు. పెద్దవాళ్ళం మేం చెబితే నమ్మదు. నువ్వు రాసుకున్న ఇదంతా మీ అత్తకి నిదానంగా చదివి వినిపించు తల్లీ.