పెనం మచ్చ

మురికి పట్టిన చెక్కను చూస్తే ఈశ్వరయ్యకు చేతులు దురద పెట్టేవి. పెళ్ళిచూపులకు వచ్చినవాడు తన మొహం కంటే ముందు తమ గడపకు పట్టిన జిడ్డును చూశాడని భార్య మద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. అలాంటి మనిషి కడప జిల్లా నుంచి కువైట్ వచ్చి, ఖైతాన్‌లో ఒక షట్టరు గది తీసుకుని, చెక్కలు కడిగి రంగు వేసే దుకాణం పెట్టుకున్నాడంటే వింతేముంది? ఒక పాత వ్యాను, కొన్ని బ్రష్షులు, తోడుగా జగిత్యాల వైపు నుంచి వచ్చిన లచ్చన్న. అదే అతని కంపెనీ. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళు ఇళ్ళ వెనక టేకు పలకలతో వేయించుకునే వాటిని ఇంజనీర్లు డెక్కులనేవారు. ఈశ్వరయ్య చెక్కరుగులనేవాడు. ఉప్పుగాలికి అవి ఏడాది తిరిగేసరికి బూడిదరంగుకు దిగిపోతాయి. వాటిని కడిగి, గీకి, నూనె పట్టించి, వార్నిష్ వేసి, మళ్ళీ పెళ్ళికూతుర్ని చేసి అప్పజెప్పేవాడు.

అన్నిటిలోకీ అతనికి ప్రాణమైనది ఫింటాస్‌లో మామా ఇంటి అరుగు. మామా అంటే మేనమామ కాదు, అక్కడ ఇంటి యజమానురాలిని పనివాళ్ళు అలాగే పిలుస్తారు. మద్దమ్మ ఆ ఇంట్లో వంటమనిషి. మామా కొడుకు ఫహద్ ఈశ్వరయ్యకు కఫీల్, అంటే సర్కారు దగ్గర పూచీదారు. దుకాణం అతని పేరు మీదే నడిచేది. ఈశ్వరయ్య అనే పేరుకు నోరు తిరగక మామా అతన్ని "ఈసా" అనేది. ఆ పిలుపు అతనికి ముద్దుగానే ఉండేది.

ఆ అరుగు మీద మద్దమ్మ ఒకసారి ఒక ఘనకార్యం చేసింది. ఇనుప పెనానికి పట్టిన తుప్పు వదలాలని చింతపండు పులుసు పోసి, అరుగు మీద నానబెట్టి, మరిచిపోయింది. పెనం తళతళలాడింది గానీ పులుసు ఒలికినచోట టేకు కాటుక పూసినట్టు నల్లబడింది. ఈశ్వరయ్య ఎంత గీకినా పోలేదు.

"నా నోట్లో మన్ను కొట్టినావు గదే!" అని రెండు రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు. చివరికి ఆ పలకనే పీకి కొత్తది వేశాడు.

ఇలా సాగిపోతుండగా ఆగస్టు నెలలో ఒక గురువారం తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం దేశంలోకి వచ్చేసింది. కొట్లు లూటీ అయ్యాయి. మనవాళ్ళు దొరికిన బస్సెక్కి, ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ దారి పట్టారు. లచ్చన్న కూడా మూట సర్దుకుని వచ్చాడు.

"అన్నా, బతికుంటె బలుసాకు తినచ్చు. వదినెను తోల్కొని రా, పోదం" అన్నాడు.

మద్దమ్మ కదల్లేదు. "ఊర్లో మాయమ్మ కాడ పెరుగుతాండే బిడ్డ నాకు పుట్టినప్పుడు నా తలకాడ కూచున్న మనిషి ఆమె. ఈ పొద్దు ఆమెను ఇడిసిపెట్టి నేను రాను. పోతే నువ్వు పో" అంది మొగుడితో.

పెళ్ళాన్ని వదిలి పోయే ధైర్యం ఈశ్వరయ్యకు ఏనాడూ లేదు. లచ్చన్నను బస్సెక్కించి, షట్టరుకు తాళం వేసి, మామా ఇంటికే చేరుకున్నాడు.

కొన్నాళ్ళకు సైనికులు ఇల్లిల్లూ వెతకడం మొదలుపెట్టారు. వయసులో ఉన్న కువైటీ మగవాళ్ళను పట్టుకుపోతున్నారు. పోయినవాళ్ళు తిరిగి రావడం లేదు. పక్కవీధిలో ఇద్దరు అన్నదమ్ముల్ని తీసుకుపోయిన రోజు మామా అన్నం ముట్టలేదు. ఆమెకు ఉన్నది ఒక్క ఫహదే.

అరుగు కింద మనిషి పడుకునేంత ఖాళీ ఉంది. ఈశ్వరయ్య నడిమధ్య నాలుగు పలకలు కోసి, పైకి తీసి పెట్టేలా మూత చేశాడు. లోపల పరుపు, మంచినీళ్ళు పెట్టారు. మూత వేసి చూసుకున్నాడు. కొత్తగా కోసిన అంచులు పసుపు పూసుకున్నట్టు మెరుస్తున్నాయి. అద్దంలాంటి అరుగు మీద గుడ్డివాడికి కూడా ఆ గీత కనబడేటట్టుంది. వార్నిష్ పూస్తే ఇంకా తేలింది. ఈశ్వరయ్య తల పట్టుకుని కూర్చున్నాడు.

"పాతదాన్ని కొత్తగా జేసేది తెల్సు గానీ, కొత్తదాన్ని పాతగా జేసేది నాకు యాడ తెల్సునే?"

"నాకు తెల్సు లే" అంది మద్దమ్మ. "నువ్వు రెండు దినాలు మూతి ముడుసుకున్యావే, గెవనముందా?"

ఈశ్వరయ్య తలెత్తి చూశాడు. మద్దమ్మ అప్పటికే వంటింట్లోకి పోయి పెనమూ, ఒక పొట్లమూ తెచ్చింది. ఊళ్ళో చింతపండు దొరకడం ఎప్పుడో మానేసింది. చారు మీద ప్రాణం పెట్టే మొగుడికి అడిగినప్పుడల్లా అయిపోయిందని చెప్పి, పండగ పూట పెట్టాలని దాచిన ముద్ద అది. ఇద్దరూ వారాల తరబడి అన్నంలో ఉప్పునీళ్ళు పోసుకుని తింటున్నారు.

"ఓసి దొంగమొహమా!" అన్నాడు ఈశ్వరయ్య. పొట్లం విప్పి వాసన చూశాడు.

పెనం, అతని పెట్టెలోని తుప్పు మేకులు, ఇనుప రజను, అన్నీ పులుసులో నానేశారు. మర్నాటికి సిరాలా నల్లబడింది. ఇక కష్టమైన పని మిగిలింది. మూత ఒక్కటే నల్లగా ఉంటే లాభం లేదు, అరుగంతా పాడైపోవాలి. ఎన్నేళ్ళుగానో బిడ్డలా సాకిన ఆ వార్నిష్‌ను ఈశ్వరయ్య అడ్డదిడ్డంగా గీకేశాడు. గీకుతూ ఏడ్చాడు. ఆ నల్లనీళ్ళను మూత మీద దట్టంగా, మిగతాచోట్ల మరకలు మరకలుగా పోసి, ఇసక రుద్దారు. సాయంత్రానికి గీత ఎక్కడుందో కోసిన అతనికే దొరకలేదు.

వాళ్ళు రానే వచ్చారు. ఒక అధికారి, వెనక తుపాకులతో సైనికులు. ఫహద్ కింద ఉన్నాడు. మద్దమ్మ అంట్లగిన్నెలు ముందేసుకుని సరిగ్గా మూత మీదే చతికిలబడి తోముతోంది. గదులన్నీ గాలించి అధికారి అరుగు మీదికి వచ్చాడు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. వంగి, మద్దమ్మ పక్కనే చెక్కను వేలితో రుద్ది చూశాడు.

"మా నాన్న బస్రాలో వడ్రంగి" అన్నాడు అరబ్బీలో. "ఇది మేలైన టేకు. దీన్ని చూసుకునేది ఎవడు?"

మద్దమ్మ చేతిలో పీచు ఆగిపోయింది. మామా గోడకు ఆనుకుంది. ఈశ్వరయ్య ముందుకు వచ్చాడు.

"నేనే సార్."

అధికారి లేచి అతని చెంప ఛెళ్ళుమనిపించాడు. "పనికిమాలినవాడా! ఇంత మంచి చెక్కను ఇలా తగలేస్తావా? మా నాన్న చూస్తే నీ చేతులు విరగ్గొట్టేవాడు!"

న్యాయంగా చెప్పాలంటే అది కొట్టాల్సిన తప్పే. ఎవడైనా ఆ అరుగును అలా చేస్తే ఈశ్వరయ్యా అదే చేసేవాడు. చెంప మండుతోంది. లోపల మాత్రం సంతోషం పొంగుకొస్తోంది. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మెచ్చుకోలూ అంత తియ్యగా తోచలేదు. తల వంచుకుని అన్నాడు:

"నిజమే సార్. నాకు పని రాదు."

జీపుల చప్పుడు దూరమయ్యాక మూత తీశారు. ఫహద్ ఒళ్ళంతా ఇసకతో పైకి వచ్చాడు. మామా ముందు కొడుకును కాదు, మద్దమ్మను పొదివి పట్టుకుని, ఆమె తల మీద ముద్దు పెట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. మళ్ళీ ఎన్నిసార్లు సైనికులు వచ్చినా ఆ అరుగు ఫహద్‌ను కాపాడింది.

ఫిబ్రవరిలో దేశానికి విడుదల వచ్చింది. ఖైతాన్ దుకాణంలో లూటీకి దొరకని వార్నిష్ డబ్బాలు కొన్ని మిగిలాయి. ఈశ్వరయ్య అన్నిటికంటే ముందు మామా అరుగు పట్టాడు. పలక పలకా గీకి, నునుపు చేసి, మెరుపు తెచ్చాడు. చివరికి మూత మీద గరుకు కాగితం పెట్టబోతే మామా అడ్డం నిలబడింది.

"ఖలాస్, ఇక చాలు, ఈసా. దాన్ని ముట్టుకోవద్దు."

"మామా, నలుగురు చూస్తే నా పని గురించి ఏమనుకుంటారు?" అని బతిమాలాడు. ఆమె వినలేదు. అద్దంలాంటి అరుగు నడుమ ఆ నల్లమచ్చ అలాగే ఉండిపోయింది.

తరవాత ఫహద్ పెళ్ళికి ఊరంతా ఆ ఇంటికి వచ్చింది. వచ్చినవాళ్ళంతా అరుగును మెచ్చుకుని, మచ్చ దగ్గర ఆగేవారు. "ఇంత బాగా చేసి ఇక్కడెందుకు చెడగొట్టారు? ఇదెవరి పని?" అని అడిగారు ఒకాయన.

ఒకప్పుడైతే ఈశ్వరయ్య సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఇప్పుడు ఛాతీ విరుచుకుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డ మద్దమ్మ వైపు వేలు చూపించాడు.

"తక్కినదంతా నా పని. అది మాత్రం మా ఇంటామెది" అన్నాడు.