తిప్పమ్మ చేస్తే పని

వసారా బండల మీద మళ్ళీ బూటు అచ్చులు పడ్డాయి. తలుపు దగ్గర మొదలై, సోఫా చుట్టూ తిరిగి, దేవుడి గూటి ముందు కాసేపు నిలిచి, వంటింట్లోకి పోయాయి. తిప్పమ్మ గోడకు ఆనుకుని వాటినే చూస్తూ నిలబడింది. తడిబట్టతో బండలు తుడిచేవాళ్ళు ఎవరైనా వెనక్కి జరుగుతూ తుడుస్తారు. ఇంటామె పద్మప్రియ ముందుకు పోతూ తుడుస్తుంది. తుడిచిన చోటునే తెల్లబూట్లతో తొక్కుకుంటూ పోతుంది. మూడు నెలలుగా చెప్పి చెప్పి తిప్పమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

"ఎనక్కి జరుగుమ్మా అంటే ఇనవు గదా," అంది.

"ఎనక్కి పోతే చెమట పట్టదు తిప్పక్కా. చెమట పట్టల్ల," అంటూ పద్మప్రియ నడుం పట్టుకుని గోడ గడియారం చూసింది. ఇరవై నిమిషాలయింది. తుడుపుగుడ్డ ఉన్నచోటనే వదిలేసి, ఫ్యాను వేసుకుని కుర్చీలో కూలబడింది.

ఫ్రిజ్ తలుపుకు ఒక పేపరు ముక్క అంటించి ఉంది. ఆదివారం పేపరుతో వచ్చే పుస్తకంలోంచి కత్తిరించింది. అరగంట ఊడిస్తే ఇంత కొవ్వు కరుగుతుంది, గుడ్డలు ఉతికితే ఇంత, అంట్లు తోమితే ఇంత అని అందులో ఉందట. తిప్పమ్మకు చదువు రాదు. పద్మప్రియ నాలుగుసార్లు చదివి వినిపించింది. నాలుగుసార్లూ తిప్పమ్మ ఊ కొట్టింది, చేతులు మాత్రం అంట్లు తోముతూనే ఉన్నాయి.

ఉగాది వెళ్ళిన వారానికి పద్మప్రియకు షుగరు ఉందని తేలింది. నలభై ఏళ్ళకే వచ్చిందే అని ఇల్లంతా దిగులుపడింది. రోజూ గంట నడవమన్నాడు డాక్టరు. భర్త బయ్యన్న బెంగుళూరు నుంచి తెల్లబూట్లు తెప్పించాడు. అయితే కళ్యాణదుర్గంలో ఆడమనిషి ఊరికే నడవడం అంత సులభమా? మొదటిరోజు నాలుగిళ్ళు దాటకముందే ఒకడు స్కూటరు ఆపి, "యాడికి పోతాండావమ్మా, ఎక్కు," అన్నాడు. ఊరికే నడుస్తున్నానంటే నమ్మలేదు. చేతిలో సంచి లేదు, పూజ తట్ట లేదు, మండలానికి అధ్యక్షుడిగా చేసిన మనిషి భార్య రాయదుర్గం రోడ్డు వెంబడి ఎందుకు నడుస్తుంది? రెండోరోజు ఇంకొకడు జీపెక్కించుకుని తెచ్చి మరీ ఇంటి ముందు దింపాడు. మూడోరోజుకు బయ్యన్న పెళ్ళాం అలిగి పుట్టింటికి పోతోందని ఊళ్ళో పుకారు లేచింది. "మర్యాద పోతాండాది. ఏం చేసుకున్నా ఇంట్లోనే చేసుకో," అన్నాడు బయ్యన్న. ఆ ఆదివారమే పేపర్లో ఆ ముక్క పడింది. సోమవారం పొద్దున పద్మప్రియ బూట్లు వేసుకుని వచ్చి తిప్పమ్మ చేతిలోని పొరక లాక్కుంది.

పొరక పోతే పోనీ అనుకోవచ్చు. ఆమె ఊడిస్తే మంచం కింది కసువు మంచం కిందే ఉంటుంది. ఆమె తోమిన బోకులకు సబ్బు వదలదు. ఆమె ఉతికిన గుడ్డలు పిండకుండానే తీగెక్కి, కింద మడుగు కడతాయి. ఆమె స్నానానికి పోగానే తిప్పమ్మ ఇవన్నీ మళ్ళీ మొదటినుంచి చేయాలి, అదీ చప్పుడు కాకుండా. తెలిస్తే బాధపడుతుందట. ఏ ఇంట్లోనైనా మనిషి చెయ్యి కలిపితే పని తగ్గుతుంది. ఈ ఇంట్లో రెండింతలయింది. ఫ్రిజ్ మీది కాగితంలో నీళ్ళు మోసే పని రాయలేదు కాబట్టి బిందెలు మాత్రం తిప్పమ్మకే మిగిలాయి. జూలై వచ్చినా చినుకు రాలలేదు. రోజు మార్చి రోజు ట్యాంకరు వచ్చినప్పుడు కింది తొట్టి నుంచి మిద్దె మీదికి ఇరవై బిందెలు ఎక్కించాలి.

తిప్పమ్మ భయం ఈ చాకిరీ గురించి కాదు. సోమవారానికి ఒకటి చొప్పున పద్మప్రియ ఒక్కో పనీ తీసుకుంటోంది. అన్నీ తీసుకున్నాక తిప్పమ్మ ఎందుకు? పెరట్లో ఎండిన బోరు మోటారు పక్కన ఉన్న గది తొమ్మిదేళ్ళుగా ఆమె ఇల్లు. పామిడిలో కూతురు ఉంది కానీ, అల్లుడి ఇంట్లో ఒక మూలే తప్ప గది ఉండదు. ఈ కసరత్తుతో షుగరు దిగిందో, తన పని అయిపోయినట్టే. నిన్న పద్మప్రియ రక్తం ఇచ్చి వచ్చింది. ఈ రోజు మధ్యాహ్నం డాక్టరు చెబుతాడు.

"తిప్పక్కా, నిన్న ఎవురో తెచ్చిన లడ్లు ఉండాయి గదా. రెండియ్యి. ఇంత చెమట పట్టిందానికి ఏం కాదులే," అంది పద్మప్రియ.

"అయిపోయినాయి," అంది తిప్పమ్మ.

అయిపోలేదు. సిఫార్సు కోసం బయ్యన్న దగ్గరికి వచ్చేవాళ్ళెవరూ ఉత్త చేతులతో రారు. వారానికి మూడు నాలుగు మిఠాయి పెట్టెలు వస్తాయి. తిప్పమ్మ వాటిని స్టీలు డబ్బాలోకి ఒంపి, అట్టపెట్టెలను నీళ్ళపొయ్యిలో తోసేస్తుంది. డబ్బాను ట్యాంకరు తోలే ఓబుళేసుకు ఇచ్చి, "పిల్లోల్లకు పెట్టుకో, అమ్మకు చెప్పొద్దు," అంటుంది. మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రికి జొన్నరొట్టె, కూరల్లో మెంతిపొడి. బియ్యం పురుగు పట్టాయనో, సన్నబియ్యం దొరకలేదనో రోజుకొక అబద్ధం. ఇదంతా ఎందుకు చేస్తోందో ఎవరైనా అడిగితే ఆమెకూ చెప్పడం రాదు. మొగుడు ఎర్రప్పకు ఈ జబ్బే. బుడ్డల మిల్లులో ముప్పై ఏళ్ళు వేరుశనగ మూటలు మోసినవాడు. ఇంత మోస్తున్నా నాకేమవుతుందిలే అని బెల్లం అచ్చు చేతిలో పట్టుకునే తిరిగేవాడు. ముందు కాలివేళ్ళు పోయాయి, తర్వాత పాదం, తర్వాత మనిషి. ఆ పుండు కడిగిన చేతులతో ఇంకొకరికి లడ్డు అందించలేకపోయింది, అంతే. షుగరు దిగితే తన గదికే ఎసరని తెలిసీ తానే దాన్ని దించుతోంది. అందుకు తన మీద తనకే ఒళ్ళు మండేది.

మధ్యాహ్నం ఇద్దరూ ఆటోలో పోయారు. డాక్టరు కాగితం చూసి కళ్ళద్దాలు పైకి నెట్టాడు.

"చాలా దిగిందమ్మా. తిండిలో ఏమైనా మార్చారా?"

"ఏం ల్యా సార్. ఇంట్లో వండిందే తింటాండా. ఇంటిపని మటుకు నేనే చేసుకుంటాండా. ఊడ్చేది, తుడిచేది, బోకులు తోమేది."

"అదీ మంచి వ్యాయామమే. మానకండి," అన్నాడు డాక్టరు.

సంచి పట్టుకుని వెనక నిలబడిన తిప్పమ్మ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది.

"ఈమెకూ రొంత సూడండి సార్. తల తిరుగుతాండాదంటుంది," అంది పద్మప్రియ. ఆమె మనసు మంచిదే, కాదనలేం. డాక్టరు వేలికి సూది గుచ్చి, మిషను చూసి నాలుక చప్పరించాడు. తిప్పమ్మకూ ఉంది, పద్మప్రియకు మొదట్లో ఉన్నంత.

"వ్యాయామం ఏమైనా చేస్తావా?"

"పని చేస్తా సార్. కసువు ఊడుస్తా, బండలు తుడుస్తా, మిద్దె మీదికి నీళ్ళు మోస్తా."

"అది పనమ్మా. లెక్కలోకి రాదు. రోజూ అరగంట విడిగా నడువు."

"అమ్మ ఊడిస్తే లెక్కకొస్తాది, నేనూడిస్తే రాదా సార్?"

డాక్టరు నవ్వాడు. "ఆమెకు అలవాటు లేని పని కదా. నీ ఒళ్ళు అలవాటుపడిపోయింది," అని చీటీ చింపి ఇచ్చి, తర్వాతివాళ్ళను పిలవమన్నాడు.

ఆటోలో తిప్పమ్మ ఏళ్ళు లెక్కపెట్టుకుంది. పన్నెండో ఏట పొరక పట్టింది. ఇప్పుడు యాభై ఆరు. ఇన్నేళ్ళు వంచిన నడుం ఎవరి లెక్కలోకి పోయింది? ఆయనకేం, చదువుకున్నవాడు, కూర్చుని ఎన్నైనా చెబుతాడు.

సాయంత్రం పద్మప్రియ తానే కాఫీ కలిపి తెచ్చింది. గ్లాసు చేతికిచ్చి, మోటారు గది మెట్టు మీద తిప్పమ్మ పక్కనే కూర్చుంది. అది చూడగానే తిప్పమ్మకు విషయం అర్థమైపోయింది.

"డాక్టరు చెప్పినాడు గదా తిప్పక్కా. ఇంగ అన్నీ నేనే చేసుకుంటా. నీకూ ఒంట్లో బాగల్యా. బిడ్డ దగ్గర ఉండి రొంత నడువు."

"నీళ్ళెవురు మోస్తారు?"

"పైకి ఇంగో మోటారు పెట్టిస్తానన్నాడు ఆయన." పద్మప్రియ గొంతు తగ్గించింది. "ఇంగోటి చెప్తా, ఏమనుకోవద్దు. లడ్లు, మైసూరుపాకులు పెట్టెలు పెట్టెలే మాయమైతాంటే నేనెప్పుడన్నా అడిగినానా? ఆయనకు గూడా చెప్పల్యా. తింటే తిననీలే అనుకున్యా. దానికే నీకీ జబ్బు. ఆడన్నా నోరు కట్టుకో."

ఆమె గొంతులో కోపం లేదు. నిజమైన ప్రేమే ఉంది. తిప్పమ్మ సహించలేకపోయింది దాన్నే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఇదే మరి. చెబుదామని నోరు తెరిచింది. చెబితే మాత్రం ఏమవుతుంది? దొంగలడ్లు తిన్నదని మూడు నెలలు నమ్మిన మనిషి ఒక్క మాటతో నమ్మకం మార్చుకుంటుందా? పోనీ నమ్మి ఏడిస్తే, ఆ కళ్ళు తుడవడం మళ్ళీ తన పనే.

"పొరక అరిగిపోయింది. కొత్తది తెప్పించుకో," అని కాఫీ తాగి, గ్లాసు కడిగి ఇచ్చింది.

తెల్లవారకముందే తిప్పమ్మ పని మొదలుపెట్టింది. వాకిలీ పెరడూ ఊడ్చింది. వెనక్కి జరుగుతూ, ఒక్క అచ్చు లేకుండా బండలు తుడిచింది. బోకులన్నీ తోమి బోర్లించింది. గుడ్డలు ఉతికి గట్టిగా పిండి ఆరవేసింది. చివరికి తెల్లబూట్లను కూడా పీచుతో రుద్ది కడిగి, ప్రహరీగోడ మీద ఎండకు పెట్టింది. చేసుకోనీ ఈ రోజు కసరత్తు, ఏం చేసుకుంటుందో చూస్తాను అనుకుంది. తర్వాత మూట పట్టుకుని పామిడి బస్సుకు పోయింది.

పద్మప్రియ లేచి బూట్లు వెతికింది. పొరక కోసం చూసింది. అన్ని గదులూ తిరిగి వచ్చి, చేయడానికి ఏమీ లేక కుర్చీలో కూర్చుంది. ఎనిమిదింటికి ట్యాంకరు హారను రెండుసార్లు మోగింది. ఓబుళేసు దిగి పైపు లాగుతూ పెరటి వైపు తొంగిచూశాడు.

"తిప్పక్క యాడమ్మా?"

"బిడ్డ దగ్గరికి పోయింది. ఇంగ రాదు."

ఓబుళేసు పైపు కొస తొట్టిలో వేశాడు. తర్వాత సీటు కింద నుంచి డబ్బా తీసి గోడ మీద పెట్టాడు.

"మూడు నెలల్నుంచి లడ్లన్నీ దీంట్లోనే పోసి నా పిల్లోల్లకిచ్చింది. అమ్మకు జబ్బు, కంటికి కానరాగూడదు అనేది. అక్క ల్యాకుంటే ఇంగ దాచేదేముంది, చెప్తాండా."

తొట్టిలో నీళ్ళు పడడం మొదలైంది. పద్మప్రియ వట్టి కాళ్ళతో గడపలోనే నిలబడిపోయింది. గోడ మీద ఆరుతున్న తెల్లబూట్ల పక్కన ఆ స్టీలు డబ్బా ఉంది. ఓబుళేసు పెళ్ళాం దాన్ని చింతపండు పెట్టి తోమి, లోపల ఒక్క బూందీ పలుకైనా లేకుండా కడిగి పంపింది.